లంచ్ బాక్స్‌లో టర్కీ స్లైసులు, చీజ్ రోజూ పెట్టొచ్చా? ఇవి కూడా జంక్ కిందికే వస్తాయా?

ఫ్రిస్కో_అమ్మ:
నమస్తే అండీ. మేం డాలస్ దగ్గర ఉంటాం, మా వాడు సెకండ్ గ్రేడ్. పులిహోర, పప్పన్నం పెడితే బాక్స్ అలాగే వెనక్కి తెస్తున్నాడు, అందరిలా శాండ్‌విచ్ కావాలట. సరే అని షాపులో రెడీమేడ్ మాంసం కోసి ఇచ్చే డెలీ కౌంటర్‌లో టర్కీ కోడి మాంసం పల్చగా కోయించి తెచ్చి, మీద ఒక చీజ్ స్లైస్ వేసి పంపిస్తున్నా. మొన్న మా ఆడపడుచు వచ్చి చూసి, ఇదంతా ప్రాసెస్డ్ ఫుడ్డే వదినా, క్యాన్సర్ వస్తుందట, దీనికీ చిప్స్ పెట్టడానికీ తేడా లేదు అంది. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నేను చిప్స్, సోడా ఇంట్లోకే రానివ్వను. ఇవి మాంసం, పాలతో చేసినవే కదా? పైగా నైట్రేట్లు (మాంసం నిల్వ ఉండటానికి వేసేవి) కలపలేదని ప్యాకెట్ మీద ఉన్నదే తెస్తున్నా. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

ఎడిసన్_డైటీషియన్:
మాంసాన్నీ చీజ్‌నీ ఒకే గాటన కట్టకండి, రెండింటి లెక్క వేరు. నా ఉద్యోగమే ఇది కాబట్టి వివరంగా రాస్తున్నా.

ముందు మాంసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని, అంటే ఉప్పు, నైట్రైట్ లాంటివి వేసి నిల్వ చేసిన మాంసాన్ని, గ్రూప్ 1లో పెట్టింది, అంటే ఇది క్యాన్సర్ తెస్తుందని ఆధారాలు గట్టిగా ఉన్నాయని. సిగరెట్లు కూడా అదే గ్రూప్‌లో ఉన్నాయి కాబట్టి రెండూ ఒకటే అని వాట్సాప్‌లో తిప్పుతారు, అది తప్పు. ఆ గ్రూప్ చెప్పేది ఆధారం ఎంత గట్టిదో, ముప్పు ఎంత పెద్దదో కాదు. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని అప్పుడు చెప్పారు. అమెరికాలో జీవితకాలం మొత్తంలో ఈ జబ్బు నూటికి సుమారు నలుగురికి వస్తుంది, 18 శాతం పెరిగితే అది అయిదుకి కాస్త తక్కువ. భయపడిపోయేంత కాదు, కానీ ఏడేళ్ళ పిల్లాడికి రోజూ అలవాటు చేసేదీ కాదు.

ఇక నైట్రేట్లు కలపలేదన్న ప్యాకెట్. దాన్ని తిప్పి, చుక్క గుర్తు పక్కనున్న చిన్న అక్షరాలు చదవండి, సెలరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప అని ఉంటుంది. సెలరీ ఒక ఆకుకూర, ఆ పొడిలోంచి వచ్చేదీ నైట్రైటే, మాంసంలో చేసే పనీ అదే. ఆ మాట రాసినందుకు ఎక్కువ డబ్బులు పెట్టకండి, నాకు ఈ లేబుల్ చూస్తేనే కోపం వస్తుంది.

ఉప్పు ఇంకో సంగతి. 56 గ్రాముల టర్కీలో చాలా బ్రాండ్లకి 400 నుంచి 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మీ బాబు వయసుకి రోజు మొత్తానికి పరిమితి 1500. బ్రెడ్‌లోనూ చీజ్‌లోనూ ఉండేది వేరే.

శాకాహారి_సియాటిల్:
చీజ్ గురించి నేను చెప్తా, మేం మాంసం ముట్టం కాబట్టి మా ఇంట్లో ప్రతి ప్యాకెట్టూ చదివే తెస్తాం. చెడ్డార్ తీసుకోండి, వెనక పాలు, ఉప్పు, కల్చర్ (తోడులాంటి బ్యాక్టీరియా), ఎంజైములు, అంతే ఉంటాయి. అదే ఒక్కో స్లైస్‌ని ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అమ్మే నారింజ రంగు దాన్ని చూడండి, పాలపొడి, వే (పాలు విరిగాక మిగిలే నీళ్ళు), సోడియం సిట్రేట్ లేదా ఫాస్ఫేట్, రంగు, నిల్వ ఉండటానికి ఇంకోటి. కరిగినప్పుడు నూనె విడిపోకుండా సాఫీగా సాగేది ఆ లవణాల వల్లే. ఆహారాన్ని ఎంతగా ప్రాసెస్ చేశారో చూసి నాలుగు గుంపులు చేసే బ్రెజిల్ వాళ్ళ నోవా వర్గీకరణలో మామూలు చీజ్ మూడో గుంపు, ఇలాంటివి నాలుగో గుంపు, అల్ట్రా ప్రాసెస్డ్. ఇండియాలో మనం తిన్న చీజ్ స్లైసులూ ఎక్కువగా ప్రాసెస్డ్ చీజే. మీలో శాకాహారులుంటే ఎంజైములు దేంతో చేశారో కూడా చూసుకోండి, అసలైన పార్మెజాన్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ అనే ఎంజైము వాడతారు.

గుంటూరు_టు_హ్యూస్టన్:
నాకైతే ఇదంతా అతిగా ఉందండీ. ఆవకాయలో ఉప్పు లేదా? మా తాతగారు జీవితమంతా ఎండుచేపలు తిన్నారు, ఎనభై దాటి బతికారు. పిల్లాడు ఆకలితో ఇంటికి రాకుండా ఏదో ఒకటి తింటున్నాడు, తిననివ్వండి.

ఎడిసన్_డైటీషియన్:
అన్నా, ఆవకాయ ఒక బద్ద వేసుకుంటాం, దాన్నే భోజనంగా తినం. ఎండుచేపల మాటకొస్తే, చైనా పద్ధతిలో ఉప్పు వేసి ఊరబెట్టిన చేప కూడా ఆ గ్రూప్ 1లోనే ఉంది. తాతగారు బాగున్నారు, సంతోషం, కానీ ఒక్కరిని చూసి అందరికీ చెప్పలేం. పిల్లాడు ఆకలితో ఉండకూడదన్న మాట మాత్రం ఒప్పుకుంటా, టూర్‌కి వెళ్ళినప్పుడో, టైమ్ లేనప్పుడో తింటే ఏమీ కాదు.

చీజ్ మీద ఇంకో మాట. పాల పదార్థాలు పెద్దపేగు క్యాన్సర్ ముప్పుని తగ్గిస్తాయన్న వైపే ఆధారాలున్నాయి. దాంట్లో చూసుకోవాల్సింది కొవ్వు, ఉప్పు. 28 గ్రాముల చెడ్డార్‌లో దాదాపు 6 గ్రాముల శాచురేటెడ్ కొవ్వు ఉంటుంది, కాబట్టి ఒక ముక్క చాలు.

ఆస్టిన్_అక్క:
గర్భిణులు ఎవరైనా చదువుతుంటే, డెలీ మాంసం చల్లగా అలాగే తినకండమ్మా, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉంటే బిడ్డకి ప్రమాదం. ఆవిరి వచ్చేదాకా, అంటే 165 ఫారెన్‌హీట్ దాకా వేడి చేసుకోండి. 2024లో ఇక్కడ డెలీ మాంసం వల్లే పది మంది చనిపోయారు.

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ థాంక్స్ అండీ. చీజ్ ఉంచి మాంసం మారుస్తా. కానీ టర్కీ బదులు ఏం పెట్టను? ముక్కలు నమలనంటాడు, పల్చగా ఉంటేనే తింటాడు.

ఎడిసన్_డైటీషియన్:
ఆదివారం ఎముకల్లేని చికెన్ బ్రెస్ట్‌కి పెరుగు, మిరియాలు, కొంచెం ఉప్పు పట్టించి ఓవెన్‌లో పెట్టండి. వేడిగా కోస్తే పొడిపొడిగా విరిగిపోతుంది, ఫ్రిజ్‌లో పూర్తిగా చల్లబడ్డాక పదునైన కత్తితో అడ్డంగా కోస్తే డెలీ వాళ్ళు కోసినంత పల్చగా వస్తుంది. బుధవారం దాకా వాడుకోవచ్చు. గురు, శుక్రవారాలు ఆమ్లెట్‌నో పనీర్ బుర్జీనో బ్రెడ్ మధ్య పెట్టండి. బాక్స్‌లో ఐస్ ప్యాక్ మర్చిపోకండి.