'వరకు'కు బై ఎప్పుడు, అంటిల్ ఎప్పుడు?

ప్రశ్న:
మా నల్లగొండ దిక్కు 'సాయంత్రం వరకు వస్తా' అంటే సాయంత్రంలోపు వస్తానని. 'సాయంత్రం వరకు ఉంటా' అని కూడా అంటం. పదో తరగతి పిల్లలు రెండింటికీ అంటిలే రాస్తున్నరు. 'ఐ విల్ కమ్ అంటిల్ ఈవినింగ్' ఎందుకు తప్పో వాళ్లకు తెలిసేటట్టు ఎట్ల చెప్పాలె?

జవాబు:
'వరకు' తీసేసి 'కల్లా', 'అయ్యేదాకా' పెట్టి చూడమనండి సార్. 'ఐదింటికల్లా ఫారం ఇవ్వాలె': బై. 'ఐదయ్యేదాకా ఆఫీసు తెరిచి ఉంటది': అంటిల్. అసలు కిటుకు క్రియల ఉన్నది. రావడం, ఇవ్వడం, ఫీజు కట్టడం ఒక్కసారితో అయిపోతయి, గడువు చెప్తే చాలు. ఉండడం, ఆగడం, చదవడం సాగుతయి. అంటిల్ పెడితే ఆ పని ఆ గడియ దాకా తెగకుండ సాగాలె. 'కమ్ అంటిల్ ఈవినింగ్' అంటే పొద్దుగూకేదాకా వస్తనే ఉంటననే అర్థమైతది.

జవాబు:
పైమాటకు ఒకటి కలపాలె. 'హి డిడ్ నాట్ కమ్ అంటిల్ ఫైవ్' మాత్రం కరెక్టే, ఎందుకంటే రాకపోవడం సాగింది. ఐదింటికి వచ్చిండని అర్థం. 'హి హాడ్ నాట్ కమ్ బై ఫైవ్' అంటే ఐదింటికల్లా రాలేదు, ఆ తర్వాత వచ్చిండో లేదో ఆ వాక్యంల లేదు. పరీక్షల పిల్లలు ఎక్కువ తడబడేది ఈడనే.

జవాబు:
గడువు చెప్పే బై తర్వాత 5 గంటలు, సోమవారం, మార్చి 31 లాంటివి రావాలె, రోజుల లెక్క కాదు. 'పే బై టూ డేస్' తప్పు, 'వితిన్ టూ డేస్' అనాలె. 'లేట్ బై టూ డేస్' వేరే, అది ఎంత ఆలస్యమో చెప్తది.
'వెయిట్ అంటిల్ ఐ కమ్' సరే, 'అంటిల్ ఐ విల్ కమ్' వద్దు.
'బస్సు మిర్యాలగూడ వరకు పోతది' అన్నప్పుడు ఈ రెండూ కాదు, 'యాజ్ ఫార్ యాజ్ మిర్యాలగూడ'.
స్పెల్లింగు: అంటిల్ చివర ఒక్కటే ఎల్, టిల్‌ల రెండు.

అడిగినవారు:
మంచిగ అర్థమైంది. మరి 'ఆన్ లీవ్ అంటిల్ మండే' అని రాస్తే సోమవారం సెలవుల కలుస్తదా?

జవాబు:
చదివినోళ్లు రెండు తీర్లుగ అనుకుంటరు. అందుకే లీవ్ లెటర్ల అంటిల్ వాడకుండ 'ఫ్రమ్ ఫ్రైడే టు మండే, బోత్ డేస్ ఇన్‌క్లూజివ్' అని తేదీలతో రాయించండి.