లాస్ ల్యాండ్‌స్కేప్‌కి స్థాలీపులాక న్యాయం పనికొస్తుందా?

ప్రశ్న: న్యూరల్ నెట్‌వర్క్‌ల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. లాస్ ల్యాండ్‌స్కేప్ ఎలా ఉందో శాంపిలింగ్‌తో తెలుసుకోవడం గురించి ఒక పేరా ఉంది. "స్థాలీపులాక న్యాయంగా కొన్ని చోట్ల తీసి చూస్తారు" అని రాశాను. చదివిన మిత్రుడొకడు ఆ మాట కింద గీత గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. ఇందులో తప్పేముందో పెద్దలు చెప్పాలి.

జవాబు: మీ మిత్రుడి గీత సరైన చోటే పడిందండీ. స్థాలి అంటే వంటకుండ, పులాకం అంటే మెతుకు. ఒక్క మెతుకు నొక్కి చూసి కుండెడు అన్నం సంగతి చెప్పేయడం ఈ న్యాయం. పతంజలి మహాభాష్యం నాటికే ఉన్న మాట. అయితే ఇది చెల్లాలంటే మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికి ఉండాలి. అడుగు మాడి పైన పలుకుగా ఉంటే ఏ మెతుకు పట్టారన్నదాన్ని బట్టి తీర్పు మారిపోతుంది.

లాస్ ల్యాండ్‌స్కేప్ ఈ రెండో రకం కుండ. నెట్‌వర్క్‌లోని బరువులన్నిటికీ (ట్రైనింగ్‌లో, అంటే నేర్పేటప్పుడు, సర్దే అంకెలివి) ఒక్కో విలువ ఇస్తే ఒక చోటు. అక్కడ నెట్‌వర్క్ చేసే తప్పు, అంటే లాస్, ఎంతో, ఆ చోటి ఎత్తు అంత. బొమ్మల్ని గుర్తుపట్టే రెస్‌నెట్-56 అనే నెట్‌వర్క్‌లో బరువులు దాదాపు 8.5 లక్షలు, అంటే నేలకు అన్ని దిక్కులు. దానికి నేర్పే సైఫార్-10 అనే సేకరణలో బొమ్మలు 10 రకాలు. బరువుల్ని గుడ్డిగా ఎంచుకుంటే నెట్‌వర్క్ మహా అయితే పదింట ఒకటి సరిగ్గా చెబుతుంది. 10 రకాలకూ సమానంగా మొగ్గినా లాస్ 2.3 దగ్గర ఉంటుంది, అంతకంటే ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. అలా ఎన్నిసార్లు తీసినా పచ్చి బియ్యమే చేతికొస్తుంది. లాస్ సున్నాకి దగ్గరగా ఉండే చోట్లు లేవని కాదు, మొత్తం నేలలో వాటి వాటా అంత తక్కువ. పోనీ ట్రైనింగ్ ముగిసిన చోటే చూద్దామంటే, అది మనం వాలు వెంట దిగి వెతుక్కుని చేరిన చోటు. ఏరి తెచ్చినదాన్ని మచ్చు అనలేం.

ఇంకొకరు: మాస్టారూ, మరి ఆ రంగురంగుల కొండలు, లోయల బొమ్మలు? 2018లో లీ, ఆయన సహచరులు గీసినవి అందరూ స్లయిడ్లలో పెట్టుకుంటారు కదా. స్కిప్ కనెక్షన్లు (కొన్ని పొరల్ని దాటేసే అడ్డదారులు) తీసేస్తే గతుకుల కొండ, పెడితే నున్నటి గిన్నె.

జవాబు: మంచి బొమ్మలే. కాకపోతే అవి ట్రైనింగ్ అయిన ఒక్క చోటు గుండా, యాదృచ్ఛికంగా ఎంచుకున్న రెండు దిక్కుల్లో కోసిన ముక్కలు. 8.5 లక్షల దిక్కుల్లో రెండు! రెండు నెట్‌వర్క్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికొస్తాయి. లోయలు మొత్తం ఎన్ని, ఎంత వెడల్పు అని వాటిని అడగకూడదు.

అడగాలంటే శాంపిలింగ్‌కే రావాలి. 1953లో మెట్రోపోలిస్ బృందం చెప్పిన పద్ధతి ఇప్పటికీ పునాది. చిన్న అడుగు వేయాలి. ఎత్తు తగ్గితే అక్కడే ఉండాలి. పెరిగితే, ఎంత పెరిగిందో దాన్ని బట్టి పాచిక వేసి ఉండాలో వెనక్కి రావాలో తేల్చుకోవాలి. 0.7 పెరిగితే ఉండే అవకాశం సుమారు సగం, 2.3 పెరిగితే పదో వంతు. వినడానికి సులువే. కానీ సైఫార్-10లో ట్రైనింగ్ బొమ్మలు 50,000. ఒక్కో బొమ్మకు సగటు తప్పు 0.001 పెరిగిందంటే మొత్తం 50 పెరిగినట్టు. అప్పుడు ఉండే అవకాశం దశాంశ బిందువు తర్వాత ఇరవై ఒక్క సున్నాలు దాటాక గానీ కనిపించదు. ఇక కదిలేదెక్కడ? అందుకే ఉష్ణోగ్రత అనే మీట పెట్టి ఈ శిక్షను సడలిస్తారు, అడుగులు బాగా చిన్నవి చేస్తారు.

2011లో మాక్స్ వెల్లింగ్, యీ వై తే అనే ఇద్దరు చూపించిన దారి ఇంకొంచెం చవక. మామూలు ట్రైనింగ్‌లాగే కొన్ని కొన్ని బొమ్మలు తీసుకుని వాలు వెంట దిగడం, ప్రతి అడుగుకీ కొలిచిన కుదుపు ఒకటి జోడించడం. దీన్ని లాంజెవిన్ పద్ధతి అంటారు. ఆ కుదుపు లేకపోతే లోయ అడుక్కి చేరి కూర్చుంటాం. ఉంటే ఆ లోయ ఎంత విశాలమో తెలుస్తుంది. మీ వ్యాసానికి ముఖ్యమైన హెచ్చరిక: వరుసగా తీసిన వెయ్యి నమూనాలు వెయ్యి కావు. పక్కపక్క అడుగులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి కాబట్టి అసలు విలువ పదో పదిహేనో కావచ్చు. ఈ లెక్క చెప్పకుండా "ఇన్ని లక్షల శాంపిళ్లు" అని రాసే పేపర్లంటే నాకు చిరాకు.

ప్రశ్న అడిగినవారు: అయితే ఆ మాట తీసేయమంటారా?

జవాబు: మొత్తం నేల గురించైతే తీసేయండి. ట్రైనింగ్ ముగిసిన చోటు చుట్టుపక్కల గురించైతే జాగ్రత్తగా వాడొచ్చు. సుమియో వతనబే సిద్ధాంతం మీద ఆధారపడి ఇప్పుడు చేస్తున్న పని అదే. ఆ చోటు దాటి దూరం పోకుండా కట్టేసి, లాంజెవిన్ కుదుపులతో చుట్టూ తిరిగి, లాస్ సగటున ఎంత పెరుగుతోందో చూస్తారు. తక్కువ పెరిగితే ఆ లోయ విశాలం, నెట్‌వర్క్ ఆ మేరకు సరళం.

ఇంకొకరు: విశాలం అన్న మాటకూ షరతుంది. రెలూ నెట్‌వర్క్‌లో (రుణ విలువల్ని సున్నా చేసి, మిగతావాటిని అలాగే పంపే రకం) ఒక పొర బరువులూ బయాస్‌లూ (చివర కూడే అంకెలు) 10తో గుణించి, తర్వాతి పొర బరువుల్ని 10తో భాగిస్తే జవాబులు ఒక్కటీ మారవు. కానీ అదే లోయ ఒక దిక్కున ఇరుకుగా, ఇంకో దిక్కున వెడల్పుగా కనిపిస్తుంది. 2017లో డిన్, మరికొందరు దీన్నే ఎత్తి చూపారు.

జవాబు: నిజం. అక్కడ మన సి.ఆర్. రావుగారు అక్కరకొస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన 1945 నాటి పేపర్లో ఇచ్చిన కొలబద్ద, బరువులు ఎంత కదిలాయని కాకుండా దానివల్ల సంభావ్యతలు ఎంత మారాయని కొలుస్తుంది. 10తో గుణించినా భాగించినా ఆ దూరం మారదు. 2011లో జిరోలామి, కాల్డర్‌హెడ్ శాంపిలింగ్ అడుగుల్ని ఈ కొలతతోనే వేయించారు. చిక్కంతా ఖర్చుతోనే. ఈ కొలతను ఒక మాత్రికగా రాస్తారు, 8.5 లక్షల బరువులకు అందులో గళ్లు 72,000 కోట్లు దాటుతాయి. అందుకని వికర్ణం ఒక్కటే ఉంచుకోవడమో, పొరకో ముక్కగా విడగొట్టడమో చేస్తారు.