వెనిస్‌లో ఒపేరా, చిత్రకళ యాత్ర: గైడు వెంట పంపాలా, మనమే తీసుకెళ్లాలా?

తులసికోట:
మా అత్తగారికి అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు వీణ నేర్పారు. మాటలన్నీ పాటగానే సాగే పాశ్చాత్య సంగీత నాటకం ఒపేరా. దాన్ని ఒక్కసారైనా థియేటర్లో కూర్చుని వినాలని ఆమె కోరిక. వచ్చే మే నెలలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా దగ్గరకు వస్తున్నారు. ఒక యాత్రా సంస్థ వెనిస్‌కు ఆరు రోజుల కార్యక్రమం పెట్టింది. లా ఫెనీచే థియేటర్లో రెండు రాత్రులు ఒపేరా. పగటిపూట బొమ్మలు చూడడానికి అకాడెమియా గ్యాలరీ, సాన్ రోక్కో అనే పాత భవనం, ఫ్రారి చర్చి. పదహారు మంది బృందం, వెంట గైడు. ఆ డబ్బుతో మనమే ఇద్దరం తీసుకెళ్లి రావచ్చు కదా అని మా వారు అంటున్నారు. వెళ్లి వచ్చినవారు చెప్పండి.

పాతపుస్తకం:
మీరే తీసుకెళ్లండి. ఏడేళ్ల కిందట నేను ఇలాంటి యాత్రకే డబ్బు కట్టాను. ఒపేరా టిక్కెట్టు కలిపే ధర అన్నారు. తీరా వెళ్తే పక్కవైపు బాక్సులో వెనక కుర్చీ ఇచ్చారు. ఫెనీచే లోపల గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. వేదికకు దగ్గరగా ఉన్న పక్క బాక్సుల్లో వెనక కూర్చున్నవారికి సగం వేదికే కనిపిస్తుంది. ఆ రాత్రంతా లేచి నిలబడి మెడ చాచి చూశాను. అడిగితే, టిక్కెట్టు ఇస్తామన్నాం గాని ఫలానా సీటు అనలేదు కదా అన్నారు. థియేటర్ వారి వెబ్‌సైటులో సీటు ఎక్కడో చూసి మరీ కొనుక్కోవచ్చు. మధ్యలో మరొకరు ఎందుకు?

వేణువు:
తులసికోట గారూ, నేను సొంతంగా ఒకసారి, గైడుతో ఒకసారి వెళ్లాను. మొదటిసారి సాన్ రోక్కోలో పావుగంట ఉన్నాను. గోడల మీదా పైకప్పు మీదా టింటొరెట్టో అనే పాతకాలపు వెనిస్ చిత్రకారుడి బొమ్మలే. అన్నీ నల్లగా, కిక్కిరిసి కనిపించాయి, బయటికి వచ్చేశాను. రెండోసారి గైడు మా చేతికి అద్దాలు ఇప్పించారు. అక్కడ అద్దాలు ఇస్తారని మొదటిసారి నేను గమనించనే లేదు. పైకప్పును అద్దంలో చూస్తూ నడవాలి. టింటొరెట్టో 1564లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క భవనానికే బొమ్మలు వేశాడని, పన్నెండు మీటర్ల వెడల్పున్న సిలువ చిత్రంలో కన్ను ముందు ఎక్కడ నిలపాలో, తరువాత ఎటు కదపాలో గైడు చెప్పారు. రెండు గంటలు ఉన్నాం. అదే గది, అవే బొమ్మలు. మొదటిసారి నాకు కనబడలేదు, అంతే.

గట్టుమీద:
మోకాళ్ల సంగతి ముందు చూడండి. వెనిస్‌లో నాలుగు వందలకు పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నింటికీ మెట్లే. బృందంతో వెళ్తే వాళ్ల వేగంతో నడవాలి.

పాతపుస్తకం:
సరిగ్గా చెప్పారు. వేణువు గారు బొమ్మల గురించి చెప్పారు, నేను మాట్లాడింది సీటు గురించి. ఫెనీచేలో మీ బృందానికి ఏ సీట్లు ఇచ్చారు?

వేణువు:
మూడో అంతస్తు బాక్సులో ముందు వరుస. బాగానే కనిపించింది. సీటు ఒక్కటే ఒపేరా కాదు కదండీ. ఆ రోజు వెర్డి రాసిన లా ట్రావియాటా అనే ఒపేరా. మధ్యాహ్నం గైడు మమ్మల్ని కూర్చోబెట్టి కథంతా చెప్పారు. 1853లో ఇదే థియేటర్లో మొదటిసారి ఆడినప్పుడు జనం గేలి చేశారనీ, 1996లో ఇద్దరు ఎలక్ట్రీషియన్లు నిప్పుపెడితే థియేటర్ బూడిదైందనీ, తిరిగి కట్టాక 2004లో ఒపేరాలు ఆ లా ట్రావియాటాతోనే మొదలయ్యాయనీ చెప్పారు. అవన్నీ తెలిసి తెర లేవడం వేరు.

పాతపుస్తకం:
అవన్నీ పుస్తకంలో దొరుకుతాయి. వేదిక పైన తెర మీద ఇటాలియన్, ఇంగ్లీషు మాటలు వస్తూనే ఉంటాయి. సగం వేదిక కనిపించని మనిషికి 1853 సంగతి చెప్పి ఏం లాభం?

చినుకు:
ఇద్దరూ ఒక్క అనుభవాన్నే పట్టుకున్నారు. ధర ఎంతో తులసికోట గారు చెబితే బాగుంటుంది.

వేణువు:
పాతపుస్తకం, మీకు ఒక రాత్రి సీటు బాగోలేదు. దానితో గైడులందరూ పనికిరానివారు అయిపోయారా? అందరూ మీలా పుస్తకాలు చదివి వెళ్లలేరు. ఆమె ఇటాలియన్ ఒపేరా ఎన్నడూ విన్నవారు కాదు. చెప్పేవారు ఉండాలి.

పాతపుస్తకం:
'గారు' పోయింది, గమనించాను. సరే, నేనూ సూటిగానే చెబుతాను. నాకు కోపం సీటు మీద మాత్రమే కాదు. ముప్పై ఏళ్లు వీణ నేర్పిన మనిషికి సంగీతం ఎలా వినాలో ఒకరు చెప్పాలా? మా నాన్నగారు హార్మోనిస్టు. పద్యనాటకాలకు వాయించేవారు. నటుడు రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్ అనకముందే ఆయన వేళ్లు మళ్లీ పల్లవిలోకి వెళ్లేవి. ఆయన్ను నేను ఆ యాత్రకు తీసుకెళ్లాను. రెండో కుర్చీ ఆయనదే. మధ్యాహ్నం పాఠంలో గైడు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఆయనకు నేర్పింది. పెద్దాయన తల వంచుకుని విన్నారు. రాత్రి ఒక్కసారి కూడా చప్పట్లు కొట్టలేదు, తప్పు చేస్తానేమోనని. తరువాతి సంవత్సరం పోయారు.

వేణువు:
పాతపుస్తకం గారూ, క్షమించండి. ఈ విషయం నాకు తెలియదు.
అయినా నేను చెప్పవలసింది కూడా చెబుతాను. మా అమ్మను నేనే సొంతంగా తీసుకెళ్లాను, అదే నా మొదటి ప్రయాణం. ఒపేరా అయ్యాక ఆమె మాట్లాడాలనుకుంది. ఆ గొంతు గురించి, చివరి అంకం గురించి. నేను ఫోనులో పడవ వేళలు చూస్తున్నాను, మరునాటి రైలు గురించి కంగారు పడుతున్నాను. నాకు ఒపేరా పట్టదు కూడా. ఆమె హోటలు వరకూ మాట్లాడకుండా నడిచింది. గైడుతో వెళ్లిన రెండో యాత్రకు నేను ఒంటరిగా వెళ్లాను. రాత్రి పదకొండు గంటలకు పదహారు మంది ఒక బల్ల చుట్టూ కూర్చుని విన్న పాట గురించే మాట్లాడుకున్నారు. అమ్మకు అది కావాల్సింది. తెలియనివారికి పాఠం చెప్పడం గురించి కాదు నేనన్నది. ఇష్టం ఉన్న మరో మనిషి పక్కన ఉండడం గురించి.

పాతపుస్తకం:
అది వేరే మాట. మొదటే అని ఉంటే ఇంత వాదించేవాణ్ణి కాదు.

తులసికోట:
ఇప్పుడు నేను నిజం చెప్పాలి. మా వారికి గాని, నాకు గాని ఒపేరా మీద ఆసక్తి లేదు. తీసుకెళ్తే బాధ్యతగా తీసుకెళ్తాం. బృందంలో వేస్తే ఆమెను వదిలించుకున్నట్టు ఉంటుందేమోనని నాకు బెంగ, అసలు ప్రశ్న అది. ధర గురించి అడిగాను గాని ధర కాదు. నిన్న రాత్రి ఫోనులో ఆమెనే అడిగాను. "బృందంలో పాట వచ్చినవాళ్లు ఉంటారా?" అని అడిగారు. ఇంకేమీ అడగలేదు.

గట్టుమీద:
మోకాళ్ల గురించీ అడగండి.

వేణువు:
ఫ్రారి చర్చికి వెళ్లినప్పుడు ఆమెను ప్రధాన బలిపీఠం దగ్గర టిషియన్ వేసిన చిత్రం చూశాక ఎడమవైపు చిన్న గదికి వెళ్లమని చెప్పండి. తొలినాటి ఒపేరాలకు సంగీతం రాసిన మొంటెవెర్డి సమాధి అక్కడే ఉంది. ప్రజలు టిక్కెట్టు కొని ఒపేరా చూడడం 1637లో ఆ ఊళ్లోనే మొదలైంది, ఆయన చివరి ఒపేరాలు రాసింది ఆ థియేటర్ల కోసమే. సమాధి మీద తరచుగా ఎవరో పువ్వు పెట్టి ఉంటారు. వీణ వాయించే మనిషి కదా, కాసేపు ఒంటరిగా నిలబడాలనుకుంటారేమో. ఆ కాసేపు బృందాన్ని ఆగమనాలి.

పాతపుస్తకం:
ఇది మంచి సలహా. తులసికోట గారూ, డబ్బు కట్టేముందు బాక్సు నంబరు, వరుస, కుర్చీ రాతపూర్వకంగా తీసుకోండి. ముందు వరుస కాకపోతే కట్టకండి. ఇంకొకటి, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఆమెకు ఎవరూ చెప్పవద్దని గైడుకు ముందే ఒక ఉత్తరం రాయండి.