పింగళి ఇంటిపేరు ప్రముఖుల జాబితా: ఎవరిని ఎలా చేర్చాలి?

సూచిక: సూరన, లక్ష్మీకాంతం, నాగేంద్రరావు, వెంకయ్య, ఈ నలుగురూ ఒకే వంశం వాళ్లని రాయొచ్చా? వరస ఎలా పెట్టాలి?

పాతపుస్తకాలు: వంశం మాటెత్తకండి. మన ఇంటిపేర్లలో చాలావరకు ఊరిపేర్లే. ఒక ఊరు వదిలి వెళ్లిన వేర్వేరు కుటుంబాలకు అదే పేరు అంటుకుంటుంది. గోత్రం కలిసినా చాలదు, వంశవృక్షం కూడా కలవాలి.

అందరి ఇంటిపేరూ ఒకటే కాబట్టి సొంత పేరుతో అకారాది పెట్టండి: నాగేంద్రరావు, లక్ష్మీకాంతం, వెంకయ్య, సూరన. సూరనకు పుట్టిన ఏడాది వేయకండి, 16వ శతాబ్దం అంటే సరిపోతుంది. ఆయన కావ్యం కళాపూర్ణోదయం నంద్యాల కృష్ణమరాజుకు అంకితం. రామాయణ భారతాలు రెండూ ఒకే పద్యంలో పలికే రాఘవపాండవీయం కూడా ఆయనదే. అష్టదిగ్గజాల్లో ఒకరన్నది సంప్రదాయం చెప్పే మాట, అలాగే రాయండి.

మూడురంగులు: జాబితాల్లో ఎక్కువ తప్పులు దొర్లేది వెంకయ్య దగ్గరే. పుట్టింది కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో, ఆగస్టు 2న. ఏడాది 1876 అని కొందరు, 1878 అని కొందరు రాస్తారు కాబట్టి రెండూ ఇవ్వండి. మరణం 1963 జులై 4. ‘ఇప్పటి జెండా యథాతథంగా ఆయన గీసిందే’ అని మాత్రం రాయకండి. 1921లో బెజవాడలో గాంధీజీకి ఇచ్చింది ఎరుపు, ఆకుపచ్చ జెండా. తెలుపు గాంధీజీ సూచనతో చేరింది. జెండా మధ్య రాట్నం స్థానంలో అశోకచక్రం ఉన్న రూపాన్ని రాజ్యాంగసభ 1947 జులై 22న ఆమోదించింది.

సూచిక: ‘పింగళి కాటూరి’ అని ఒకచోట కనిపించింది. అదెవరు?

పాతపుస్తకాలు: ఒక మనిషి కాదండీ, జంటకవులు: పింగళి లక్ష్మీకాంతం (1894-1972), కాటూరి వేంకటేశ్వరరావు. సౌందరనందం కావ్యం ఇద్దరూ కలిసి రాసిందే. మీ జాబితాలో లక్ష్మీకాంతం ఒక్కరినే చేర్చి, జంట సంగతి పక్కన రాయండి.

తెరమీద: సినిమా వాళ్లకు ఉత్త ‘పింగళి’ అంటే నాగేంద్రరావే (1901-1971). మాయాబజార్ (1957) మాటలు, పాటలు ఆయనవి. అందులోని ‘అసమదీయులు’ అనే మాట ఆయన చలవే! ఇంగ్లిష్ కేటలాగుల్లో వెతికేటప్పుడు ‘నాగేంద్రరావు పింగళి’, ‘పి. నాగేంద్రరావు’ రెండు రూపాలూ చూడండి. రెండో రూపంలో ‘పి.’ మరో ఇంటిపేరు కూడా కావచ్చు. సినిమా పేరు, ఏడాది సరిచూశాకే చేర్చండి.