1800లో భూమి ఇచ్చేశాక నిజాముకు మళ్ళీ సైన్యం బాకీ ఎలా పడింది?

ప్రశ్న (కోఠి పాఠకుడు):
మొన్న ఒకప్పటి కోఠి మహిళా కళాశాల ఆవరణలోని పాత రెసిడెన్సీ (నిజాము కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు నివాసం) చూసి వచ్చాను. సింహాల నడుమ మెట్లెక్కుతుంటే ఒక సందేహం కలిగింది. 1798 ఒప్పందం ప్రకారం కంపెనీ సైన్యానికి నిజాం అలీఖాన్ ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. 1800 అక్టోబరు 12 నాటి ఒప్పందంలో ఆ నగదుకు బదులు, మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన బళ్ళారి, కడప తదితర ప్రాంతాలను, అంటే మన దత్తమండలాలను, శాశ్వతంగా వదులుకున్నాడు. లెక్క అక్కడితో తీరాలి కదా? మరి 1853లో సైన్యం బాకీ పేరుతోనే బేరారును (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ పడమటి భాగం) కంపెనీకి ఎందుకు అప్పగించవలసి వచ్చింది?

జవాబు (బొల్లారం వాసి):
మీరు రెండు సైన్యాలను ఒకటిగా లెక్కిస్తున్నారండీ. సికింద్రాబాదు కంటోన్మెంటు సబ్సిడియరీ దళానిది, అంటే మీరు చెప్పిన 1798 ఒప్పందపు కంపెనీ సైన్యానిది. మా బొల్లారం కంటింజెంటుది, అంటే నిజాము పేరిట ఆంగ్ల అధికారులు నడిపిన వేరే సైన్యానిది. మొదటిదాని ఖర్చు దత్తమండలాలతో తీరిపోయింది. యుద్ధం వస్తే నిజాము తన సొంత సైన్యం నుంచి 6,000 కాల్బలాన్ని, 9,000 గుర్రపు దళాన్ని పంపాలని మాత్రమే 1800 ఒప్పందం చెప్పింది. ఆ ఒక్క షరతును పట్టుకొని రెసిడెంటు హెన్రీ రస్సెల్, శాంతికాలంలోనూ ఆంగ్ల అధికారుల కింద నడిచే పటాలాన్ని తయారుచేయించాడు. అదే తర్వాత కంటింజెంటుగా పెరిగింది. దాని జీతాలు ఖజానాకు మోయలేని భారమయ్యాయి, బకాయిలకు కంపెనీయే అప్పిచ్చింది. బేరారును మింగింది ఆ అప్పే.

జవాబు (మలక్‌పేట పాఠకుడు):
పై వివరణ సరైనదే కానీ, నిజాము మంత్రి చందూలాల్‌ను అందులో వదిలేశారు. నిజాము కుటుంబంపైన, ప్రజలపైన, సేవకులపైన తమకు సంబంధం లేదని కంపెనీ 1800 ఒప్పందంలోనే రాసిచ్చింది; అయినా రెసిడెంటు అండతో నిలిచిన చందూలాల్ కంటింజెంటు ఖర్చుకు అడ్డు చెప్పే స్థితిలో లేడు. పైగా ఉత్తర సర్కారుల (కోస్తా జిల్లాల) కింద కంపెనీ నుంచి ఏటా రావలసిన ఏడు లక్షల పేష్కషును (కప్పాన్ని) 1823లో ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలకు వదులుకొని, ఆ సొమ్మును నిజాము ప్రభుత్వానికి అప్పిచ్చిన హైదరాబాదు వ్యాపార సంస్థ పామర్ కంపెనీ బాకీకి కట్టారు. ఏడు లక్షలు ఆరు శాతం వడ్డీగా రావాలంటే ఉండవలసిన అసలు అంతే. లెక్క మాత్రం పైసా పొల్లుపోలేదు! నా దృష్టిలో 1853 నాటి పతనం ఇక్కడే మొదలైంది.

ప్రశ్నించినవారు:
కృతజ్ఞతలు. మరి బాకీ తీరాక బేరారు తిరిగి రాలేదా?

జవాబు (బొల్లారం వాసి):
1860 ఒప్పందంలో సుమారు 50 లక్షల బాకీని రద్దుచేసి రాయచూరు, ధారాశివ ప్రాంతాలను తిరిగిచ్చారు గానీ బేరారును ఇవ్వలేదు. నిజాము దివాను సాలార్ జంగ్ ఎంతగా అడిగినా ఫలితం లేకపోయింది. 1902లో ఏడాదికి 25 లక్షల చొప్పున దానిని శాశ్వత కౌలుకే తీసుకున్నారు.