'వాండెల్ డుర్ష్ అన్నేరుంగ్' తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: పశ్చిమ జర్మనీ విదేశాంగ విధానం మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నా. 1963 జులై 15న బవేరియాలోని టుట్సింగ్‌లో, అప్పటి పశ్చిమ బెర్లిన్ మేయర్ విల్లీ బ్రాంట్ సన్నిహితుడు ఎగోన్ బార్ ఇచ్చిన ప్రసంగంలోని ఈ జర్మన్ మాట దగ్గర ఆగిపోయా. బెర్లిన్ గోడ లేచి అప్పటికింకా రెండేళ్లు కాలేదు. తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని వెలేసి కూర్చుంటే గోడ కూలదు, ముందు వాళ్లతో మాట్లాడదాం అన్నది ఆయన వాదన. 'సామీప్యం ద్వారా పరివర్తన' అని రాస్తే నాకే ప్రభుత్వ జీవోలా ఉంది. మంచి మాట చెప్పండి.

– 'దగ్గరై మార్చడం' అనండి సార్, సరిపోతుంది.

– మార్చడం కాదండీ, మారడం. వాండెల్ అంటే దానంతట అది మారడమే. ఎవరు మారాలో బార్ చెప్పలేదు, తెలివంతా అక్కడే ఉంది. కానీ అవతలివాళ్లకి అది 'మార్చడం' అనే వినబడింది. తర్వాత తూర్పు జర్మనీ విదేశాంగ మంత్రి అయిన ఒట్టో వింట్సర్ దీన్ని 'ఫెల్ట్ చెప్పులేసుకున్న దురాక్రమణ' అన్నాడు. ఫెల్ట్ చెప్పులంటే ఇంట్లో తొడుక్కునే మెత్తని ఉన్ని చెప్పులు. నడిస్తే చప్పుడు రాదు.

– అబ్బ, అచ్చం మన 'చాప కింద నీరు'!

– అవును, కాకపోతే చెప్పులు పోతాయి. నాకైతే చెప్పులే ఇష్టం. ఇంకోటి చెప్తా, భాషవాళ్లకి నచ్చుతుంది. ఆ ఏడాది డిసెంబర్‌లో పశ్చిమ బెర్లిన్‌కీ తూర్పు జర్మనీకీ మధ్య గోడ దాటే పాసుల ఒప్పందం కుదిరి, పశ్చిమ బెర్లిన్ జనం క్రిస్మస్‌కి గోడ అవతలి చుట్టాల్ని చూసొచ్చారు. ఇరుపక్షాలూ ఒకరినొకరు గుర్తించవు కదా, మరి కాగితం మీద ఊరి పేరు, ఆఫీసు పేరు ఏమని రాయాలి? ఆ పేర్ల మీద ఏకాభిప్రాయం కుదరలేదని ఒప్పందంలోనే రాసుకుని సంతకాలు పెట్టేశారు! బార్ మాటకి అర్థం కావాలంటే ఈ ఒక్క వాక్యం చాలు.

– బాబూ, 'ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు' అని మనకో సామెత ఉంది. ఇందులోనూ ఎవరు ఎవరవుతారో తేలదు. చూడండి, పనికొస్తుందేమో.

– మాస్టారూ, పనికి రావడమేంటి, గురి చూసి కొట్టారు. 1981 డిసెంబర్ 13న పోలండ్‌లో సైనిక పాలన పెట్టి సాలిడారిటీ అనే స్వతంత్ర కార్మిక సంఘం నాయకుల్ని లోపలేసిన రోజు, పశ్చిమ జర్మనీ చాన్సలర్ హెల్ముట్ ష్మిట్ ఎక్కడున్నాడనుకున్నారు? తూర్పు జర్మనీలో, అక్కడి అధినేత హోనెకర్‌కి అతిథిగా. పర్యటన మధ్యలో ఆపేసి వెనక్కి రాలేదు. ఇద్దరూ గ్యూస్ట్రోవ్ ఊరు చూడ్డానికి వెళ్లారు, వీధుల నిండా పోలీసులే. 1985లో మాజీ చాన్సలర్ విల్లీ బ్రాంట్ పోలండ్ రాజధాని వార్సా వెళ్లి కూడా సాలిడారిటీ నాయకుడు వలేసాని కలవలేదు. 1970లో ఆ ఊళ్లోనే యూదుల స్మారకం ముందు మోకరిల్లిన మనిషి! ప్రభుత్వాలకి దగ్గరయ్యేకొద్దీ ఆ ప్రభుత్వాలని ఎదిరించేవాళ్లకి దూరమయ్యారు. రెండు జర్మనీల మధ్య 1972 ఒప్పందం వల్ల రాకపోకలు పెరిగిన మాట నిజమే, దాన్ని తీసిపారేయను. కానీ ఈ లెక్క కూడా రాయాలి.

– మరి 'వాండెల్ డుర్ష్ హాండెల్' సంగతి? వ్యాసంలో అదీ ఉంటుందిగా.

– అది తర్వాతి కాలం మాట. హాండెల్ అంటే వ్యాపారం. రష్యాతో గ్యాస్ వ్యాపారం చేస్తే రష్యా మెత్తబడుతుందని. ప్రాస బాగా కుదిరింది, అందుకే అంతమంది నమ్మారేమో! రష్యా నుంచి జర్మనీకి వేసిన గ్యాస్ పైప్‌లైన్ నార్డ్ స్ట్రీమ్ 2ని తాను పట్టుకుని వేలాడటం తప్పేనని 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక జర్మనీ అధ్యక్షుడు స్టైన్‌మయర్ ఒప్పుకున్నాడు. దీనికి 'బేరంతో మార్పు' అంటే చాలు. బార్ మాటతో మాత్రం కలపకండి, ఆయన టుట్సింగ్‌లో మాట్లాడింది రష్యా గ్యాస్ గురించి కాదు.

– అందరికీ థాంక్స్. శీర్షికకి 'చేరువతో మార్పు' ఖాయం చేస్తున్నా, ఎవరి మార్పో చెప్పకుండానే. వింట్సర్ చెప్పులు అలాగే ఉంచేస్తా. మాస్టారూ, మీ సామెత 1981 పేరాలోకి వెళ్తోంది.