ఇంటి ఆవకాయకు కొలతలు రాసి పెట్టాలా, చేతి అంచనాకే వదిలేయాలా?

కృష్ణాతీరం:

చదువులకూ ఉద్యోగాలకూ వేరే ఊళ్ళు వెళ్ళిన మా ఇంటి పిల్లలు, తమకు ఇష్టమైన వంటకాలన్నీ ఒక చోట రాసి ఇమ్మని పెద్దవాళ్ళను అడిగారు. ఒకరు పులిహోర, ఒకరు గుత్తివంకాయ, ఒకరు ఉలవచారు పంచుకున్నారు. నా వంతుకు ఆవకాయ వచ్చింది. ఉప్పు ఇన్ని గ్రాములు, కారం ఇన్ని గ్రాములు అని నేను రాయడం మొదలుపెట్టగానే మా పిన్నిగారు అభ్యంతరం చెప్పారు. కాయను బట్టి, కారాన్ని బట్టి చెయ్యి చెబుతుంది గాని కాగితం చెప్పదని, అంకెలు నమ్ముకుని కలిపితే జాడీ పాడవుతుందని ఆవిడ వాదన. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నా మటుకు నాకు, కొలత రాయాలి, అదీ తూకంలో రాయాలి. మన పెద్దవాళ్ళు కొలతలు లేకుండానే వండారన్న మాటను నేను ఒప్పుకోను. ప్రతి వంటింట్లో గిద్ద, సోల, తవ్వ, మానిక ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అన్న లెక్క చిన్నపిల్లలకు కూడా నోటికి వచ్చేది. "సోల కారానికి సోల ఆవపిండి, ఉప్పు మాత్రం గిద్ద తక్కువ" అని మా అమ్మమ్మ చెప్పినప్పుడు ఆవిడ కచ్చితమైన కొలతే చెప్పింది. 1958 నుంచి దేశంలో మెట్రిక్ తూకాలు, కొలతలు అమలులోకి వచ్చాయి. ఆ తరువాత బజారులో సేర్లూ సోలలూ పోయినా, ఇళ్ళలో ఆ గిన్నెలు ఇంకొన్నాళ్ళు మిగిలాయి. అవి కూడా అటకెక్కాక, కొత్త కొలతలోకి ఎవరూ మార్చి రాయకపోవడం వల్ల, ఒకప్పుడు సోలతో కొలిచిన చోటల్లా "తగినంత" అని చెప్పుకోవలసి వచ్చింది. ఈనాడు మనం చేతి అంచనా అని గౌరవంగా చెప్పుకుంటున్నదాంట్లో చాలా భాగం, ఆ గిన్నెతో ఏళ్ళ తరబడి కొలిచి కొలిచి చేతికి పట్టుబడిన అలవాటు. ఆ గిన్నెనే చూడని పిల్లలకు ఆ అలవాటు ఎలా వస్తుంది?

కొలత రాస్తే రుచి చచ్చిపోతుందనే వారికి తిరుపతి లడ్డూను గుర్తు చేస్తాను. 5,100 లడ్డూలకు శనగపిండి ఎంత, నెయ్యి ఎంత, చక్కెర, జీడిపప్పు, ఎండుద్రాక్ష, కలకండ, యాలకులు ఎంతెంత అన్నది దిట్టంలో, అంటే సరుకుల కొలతల పట్టికలో, రాసి ఉంటుంది, పోటులో, అంటే గుడి వంటశాలలో, దాని ప్రకారమే సరుకు తీస్తారు. 2009లో భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఆ లడ్డూను, కొలత రాసి పెట్టినందువల్ల రుచి తగ్గిందని ఎవరూ అనలేదు.

ఓరుగల్లు:

కృష్ణాతీరం గారూ, మీ ఉద్దేశం మంచిదే గాని లడ్డూ ఉదాహరణ ఇక్కడ అతకదు. చక్కెర ఏ బస్తాలోదైనా చక్కెరే. మామిడికాయ అలా కాదు. ఒకే తోటలో పక్కపక్క చెట్ల కాయలకే పులుపు తేడా ఉంటుంది, అదే చెట్టు కాయ ఈ వారం ఒక తీరుగా, ఒక వాన పడ్డాక మరో తీరుగా ఉంటుంది. ఇక కారం సంగతి చూడండి. మా వరంగల్ వైపు చపాట మిర్చి పండుతుంది. టమాటా మిర్చి అని కూడా అంటారు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని కారంపొడి చూడటానికి ఎర్రగా నిప్పులా ఉంటుంది గాని నోట్లో మంట తక్కువ. తేజ మిర్చి కారం అంతే తూకంలో వేస్తే ఆ పచ్చడిని పిల్లలు ముట్టుకోలేరు. గుంటూరు సన్నం ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటుంది. మీరు 200 గ్రాముల కారం అని రాస్తే అది ఏ మిర్చి కారం? మీ ఇంట్లో అడగకుండానే తెలిసిన ఆ సంగతి కాగితం మీదికి రాదు. చదివే పిల్లవాడు అంకెను మాత్రం నమ్ముతాడు.

నా అసలు అభ్యంతరం ఇంకొకటి ఉంది. మా ఇంట్లో దీన్ని మామిడికాయ తొక్కు అంటాం. అల్లం, వెల్లుల్లి నూరి కలుపుతాం, జీలకర్ర, మెంతిపిండి వేస్తాం, నూనె కాచి పోపు పెట్టి, పూర్తిగా చల్లారాకనే పోస్తాం. మీ వైపు పచ్చి పప్పునూనె పోస్తారు, అల్లం వేయరు. రెండూ తరతరాలుగా వస్తున్న పద్ధతులే. కానీ ముందుగా ఎవరు అంకెలతో రాసి నలుగురికీ పంచుతారో వారిదే అసలు ఆవకాయ అయి కూర్చుంటుంది, మిగిలినవన్నీ దానికి మార్పులుగా లెక్కకు వస్తాయి. మా మేనకోడలు ఒకసారి తన స్నేహితురాలి ఇంట్లో తొక్కు కలిపితే, అల్లం వేసినందుకు "ఇది తప్పు పద్ధతి" అని అక్కడివాళ్ళు సరిదిద్దారట. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని ఇంటికి వచ్చింది. నోటి మాటగా ఉన్నంత కాలం ఎవరి ఇంటి పద్ధతి వారిదిగా బతికింది. అందుకే అంకెలు రాసే పని మీద నాకు భయం.

దూరతీరం:

నేను డాలస్‌లో ఉంటాను. మీ ఇద్దరి మాటల్లోనూ న్యాయం కనిపిస్తున్నా, మా అమ్మ పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం నాకు లేదు గనుక కొలతల వైపే మాట్లాడతాను. వీడియో కాల్‌లో అమ్మ జాడీలోకి తొంగి చూడగలదు గాని వాసన చూడలేదు, ఊటను చప్పరించి చూడలేదు. "ఇంకొంచెం వెయ్యి" అంటుంది, ఆ కొంచెం ఎంతో నాకు తెలియదు. ఇక్కడి దుకాణంలో దొరికే పచ్చిమామిడి మన కాయంత పుల్లగా ఉండదు, టెంక చాలాసార్లు ముదిరి ఉండదు.

పెద్దలను నేరుగా ఒక విషయం అడుగుతున్నాను. మా అమ్మ రాసి పంపిన కాగితంలో "రెండు సోలల ముక్కలకు గిద్ద కల్లుప్పు" అని ఉంది. నా దగ్గర ఉన్నది సన్నటి పొడి ఉప్పు. అదే గిన్నెతో అంతే వేయవచ్చా?

నీలిజాడీ:

దూరతీరం గారూ, వేయకండి. గిన్నెతో కొలిచినప్పుడు రాళ్ళ ఉప్పు పలుకుల మధ్య ఖాళీ ఎక్కువ, సన్నటి పొడి ఆ ఖాళీ లేకుండా సర్దుకుంటుంది. అందువల్ల అదే గిన్నెడు పొడి ఉప్పు ఎక్కువ బరువు తూగుతుంది, ఆవకాయ ఉప్పుకషాయం అవుతుంది. కృష్ణాతీరం గారు తూకంలో రాయమన్న మాటకు నేను ఒప్పుకోవడానికి ఇదే ముఖ్య కారణం. గిద్దలూ కప్పులూ చెంచాలూ ఇంటింటికీ మారతాయి, పలుకును బట్టి మారతాయి. 200 గ్రాముల ఉప్పు ఎక్కడైనా 200 గ్రాములే.

అయితే ఓరుగల్లు గారి భయాన్ని తీసిపారేయడానికి వీల్లేదు. కొలత రాసి ఊరుకుంటే అది సగం వంటకమే అవుతుంది. కారణం కూడా రాయాలి, గుర్తు కూడా రాయాలి. ఆవపిండినే తీసుకుందాం. ఆవగింజలో ఆ ఘాటు ముందే తయారై ఉండదు. గింజ నలిగి, పొడికి తడి తగిలినప్పుడు, అందులోని మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి ఆ ఘాటును పుట్టిస్తుంది. బాగా వేడి తగిలితే ఆ ఎంజైము దెబ్బతింటుంది. అందుకే మా అత్తగారు ఆవాలను వేయించనివ్వరు. ఎండలో పెట్టి, ఆ ఎండ వేడి చల్లారాకనే దంచిస్తారు. మిక్సీ అయితే గిన్నె వేడెక్కకుండా ఆగి ఆగి తిప్పాలి. వంటకంలో "ఆవపిండి 200 గ్రాములు" అని మాత్రమే ఉంటే, కూరపొడికి వేయించినట్టు ఆవాలు వేయించి పొడి కొట్టే పిల్లలు తప్పకుండా ఉంటారు. తూకం సరిపోతుంది, ఘాటు మాత్రం రాదు. కారణం ఒక్క వాక్యంలో రాసి ఉంటే ఏ దేశంలో ఉన్నా ఆ పొరపాటు జరగదు.

అలాగే ఉప్పు రుచి కోసమే కాదు. ముక్కలోని నీటిని బయటికి లాగి, సూక్ష్మజీవులు పెరగడానికి అనువు లేకుండా చేసేది ఉప్పే. పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. ఈ సంగతి తెలిసిన మనిషి నాలుకకు బాగుందని ఉప్పు తగ్గించదు, ఆరోగ్యానికి మంచిదని నూనె తగ్గించి ఆరు నెలల తరువాత బూజు చూసి బాధపడదు. కాయను తడిగుడ్డతో తుడిచి, ఆపై పొడిగుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరాకనే కొట్టించాలి. టెంకతో సహా ముక్క కొట్టించి, లోపలి జీడి తీసి, టెంకకు అంటుకున్న పల్చటి పొరను కూడా ఒలిచేయాలి. ఈ పొర ఒలిచే పనిని ఏ వంటకంలోనూ వివరంగా రాయరు, ఎందుకంటే రాసేవారికి అది పనిగానే అనిపించదు. నేను చిన్నప్పుడు చేసిన పని అదొక్కటే. ముక్కల కుప్ప ముందు పిల్లలందరం కూర్చుని, గోటితో పొర లాగి, గుడ్డతో తుడిచి పళ్ళెంలో వేసేవాళ్ళం. అందుకే నాకు అది మరపు రాదు, రాసేటప్పుడు వదిలిపెట్టను.

రాసిన వంటకం చేతివాటాన్ని చంపుతుందా అన్నదానికి నా దగ్గర ఉన్న సాక్ష్యం మా అమ్మ దగ్గరి వంటల పుస్తకం. మాలతీ చందూర్ గారి వంటలు, పిండివంటల పుస్తకం ఎన్నో ముద్రణలు పొంది, ఎన్నో తెలుగిళ్ళకు చేరింది. మా ఇంటి ప్రతికి అట్ట ఊడిపోయింది, కొన్ని పేజీలకు నూనె మరకలు. అంచుల్లో అమ్మ పెన్సిలుతో రాసుకున్న మాటలు ఉన్నాయి: ఒక చోట "చింతపండు కొత్తదైతే ముప్పావు చాలు", ఇంకో చోట "నాన్నగారికి కారం సగం". అచ్చులో ఉన్న కొలతను అమ్మ ఆజ్ఞలాగా తీసుకోలేదు. ఒక అంకె కళ్ళ ముందు ఉండబట్టే ముప్పావు, సగం అని చెప్పగలిగింది. "తగినంత" అని ఉన్న చోట సగం అని రాయడానికి ఏముంది? బడి పుస్తకాలు చేతికి రాకముందు నేను కూడబలుక్కుని చదివిన పుస్తకం అదే. బొబ్బట్లు, అరిసెలు, కజ్జికాయలు అన్న పేర్లు చదవడం నాకు అప్పట్లో ఒక పండుగ. ఆ పెన్సిలు రాతలు నాకు అచ్చు అక్షరాలంత ముఖ్యం. మన పిల్లలకు ఇచ్చే పుస్తకంలో అంచులు వెడల్పుగా వదలమని కృష్ణాతీరం గారిని కోరుతున్నాను.

ఓరుగల్లు:

నీలిజాడీ గారూ, కారణంతో సహా రాస్తే నష్టం తగ్గుతుందన్న మాట ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన పుస్తకం కూడా ఒక ప్రాంతపు వంటకాలనే ఎక్కువగా మోసింది. మా అమ్మ చేసే సర్వపిండి, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు అచ్చులో చూసుకునే భాగ్యం నా చిన్నతనంలో నాకు కలగలేదు. కాబట్టి నా షరతు ఒకటే. రాసే ప్రతి వంటకానికీ పైన ఇది ఏ ఊరి, ఏ ఇంటి పద్ధతో ఉండాలి. మామిడి ఏ రకమో, మిర్చి ఏ రకమో ఉండాలి. మీ గోదావరి వాళ్ళు కొత్తపల్లి కొబ్బరి కాయతో పెడతారు, అది ఊరాక కూడా ముక్క గట్టిగా నిలుస్తుంది. ఆ కాయకు సరిపోయిన ఉప్పు, కారం మా దగ్గరి నాటుకాయకు సరిపోవాలని లేదు. "ఆవకాయ" అని ఒక్క మాట పైన రాసి కింద అంకెలు పేర్చే పుస్తకాన్ని నేను ఇప్పటికీ వ్యతిరేకిస్తాను.

పిన్నిగారి మాట కూడా వదలకండి కృష్ణాతీరం గారూ. చెయ్యి చెబుతుందని ఆవిడ అంటున్నప్పుడు ఆ చెయ్యి ఏం చూస్తోందో అడగండి. ముక్కను కొరికి చూస్తోందా, కారాన్ని వేళ్ళ మధ్య నలిపి చూస్తోందా, ఊట జారుడును చూస్తోందా? ఆవిడ ఉండగానే అడిగి రాయవలసింది అదే, గ్రాములు ఎవరైనా తరువాత తూచుకోగలరు.

కృష్ణాతీరం:

ఓరుగల్లు గారి షరతుకు ఒప్పుకుంటున్నాను. పిన్నిగారిని అడిగాను. ఆవిడ ముక్క కొరికి, పళ్ళు పులిస్తేనే మామూలు కారం వేస్తారట. పులుపు చాలకపోతే కారం, ఆవపిండి రెండూ కొద్దిగా తగ్గిస్తారట, ఉప్పు మాత్రం తగ్గించరట. ఎందుకని అడిగితే "నిలవ ఉండొద్దూ" అన్నారు. నీలిజాడీ గారు చెప్పిన కారణమే ఆవిడకు అనుభవంలో తెలుసు. కొలతలు రాయడానికి మాత్రం ఆవిడ ఇంకా ఇష్టపడటం లేదు. కలిపేటప్పుడు పక్కన తూచుకోవడానికి ఒప్పుకున్నారు.

దూరతీరం గారికి, కృష్ణా జిల్లాలో మా ఇంటి పద్ధతి ఇది. చిన్నరసం కాయ, గుంటూరు సన్నం కారం. పొర తీసి ఆరబెట్టిన ముక్కలు కిలోకు కారం 200 గ్రాములు, ఆవపిండి 200 గ్రాములు, ఉప్పు 180 గ్రాములు, మెంతులు 20 గ్రాములు, నువ్వుల నూనె 400 గ్రాములు. ఉప్పు పొడిదైనా రాళ్ళదైనా తూకం ఇదే, కాకపోతే రాళ్ళ ఉప్పును ఎండబెట్టి దంచుకోండి. పొడులన్నీ ముందు కలిపి, ముక్కలను కొద్దికొద్దిగా నూనెలో ముంచి, ఆ పొడిలో దొర్లించి జాడీలోకి వేయండి. మిగిలిన పొడి, నూనె పైన వేసి, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి కదపకుండా ఉంచండి. మూడో రోజున అడుగు నుంచి తిరగకలిపి, ఊట చప్పరించి చూసి, ఉప్పు చాలదనిపిస్తే మరో 20 గ్రాముల వరకు వేయండి. నూనె ముక్కల పైన వేలి మందం తేలకపోతే ఇంకా పోయండి. మీ దగ్గరి కాయ పులుపు తక్కువన్నారు గనుక, పిన్నిగారు చెప్పినట్టు కారం, ఆవపిండి 170 గ్రాముల చొప్పున మొదలుపెట్టి, ఆ కాయ పేరు, మీరు వేసిన తూకం, మూడో రోజు రుచి ఇక్కడ రాయండి. దాన్ని మీ ఊరి పద్ధతిగా విడిగా చేరుస్తాను.

ఓరుగల్లు గారూ, మామిడికాయ తొక్కు పేజీ మీకోసం ఖాళీగా ఉంచాను. అల్లం, వెల్లుల్లి తూకంతో పాటు, నూనె ఎంత చల్లారాక పోయాలో ఏ గుర్తుతో తెలుసుకుంటారో కూడా రాయండి.